జూరకాన్ పిన్ని డిక్కీలో తాడు లేదు

జూరకాన్ పిన్ని వోల్గా కారు డిక్కీలో ఏమేం ఉంటాయో చెప్పడం కష్టం. ఏం ఉండదో చెప్పడం తేలిక. తాడు ఉండదు. ఆగిపోయిన బండిని ఇంకో బండికి కట్టి లాగించే తాడు. అదొక్కటి తప్ప అన్నీ ఉంటాయి.

ఫ్యాన్ బెల్టులు పౌడరు రాసి పాత మేజోళ్లలో చుట్టి ఉంటాయి. ప్లగ్గులు కోడిగుడ్ల అట్టలో నిలబడి ఉంటాయి, గుడ్లకంటే బుద్ధిగా. డిస్ట్రిబ్యూటర్ మూత టీ డబ్బాలో. పానాలు సైజుల వారీగా గొర్రెతోలు చుట్టలో. సైకిలు ట్యూబు ముక్కలు, రాగి తీగ, ఒక నీళ్ల పంపు, ఉన్ని ముక్కలు, ఒక బట్టల సబ్బు. సబ్బు ఒంటికి కాదు, పెట్రోలు ట్యాంకు కారితే మెత్తగా నలిపి అద్దడానికి. ఇందులో సగం సామాను ఆవిడ బండికి పనికే రాదు. ఏ ఝిగూలీ కారు క్లచ్ కేబులో, ఏ లారీ గాస్కెట్టో. ఎందుకు మోస్తావు పిన్నీ అంటే, "కనుమ మీద ఆగిపోయేది నా బండొక్కటేనా?" అంటుంది.

మరి తాడెందుకు లేదంటే, "ఉంటే కట్టాలనిపిస్తుంది" అంటుంది. అంతే. ఆ మాట మీద ఇంక చర్చ లేదు.

ఆవిడ మా నాన్న తమ్ముడి భార్య. ఊరు కొచ్కోర్. పెళ్లికి ముందు సోంకోల్ సరస్సు దగ్గర గొర్రెల కాపరుల ఇంట్లో పెరిగింది, తర్వాత సమష్టి వ్యవసాయ క్షేత్రంలో పాలు పితికింది. కుబాన్ బాబాయి ఆ క్షేత్రం ఛైర్మన్ దగ్గర డ్రైవరు. ఆ వోల్గా ఛైర్మన్‌గారిది. బానెట్ మీద ఎగిరే జింక బొమ్మ, లోపల సోఫాలాంటి సీటు, గుర్రం కడుపంత పొడుగు బానెట్. ఆదివారాలు బాబాయి దాని కింద పడుకుంటే పిన్ని పక్కన కూర్చుని పానాలు అందించేది. మొగుడూ పెళ్లాల ముచ్చట్లన్నీ ఇంజన్ కిందే జరిగాయని మా అమ్మ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది.

క్షేత్రం విరిగిపోయిన ఏడాది ఆస్తులు పంచారు. ఒకడికి గొర్రెలొచ్చాయి, ఒకడికి చక్రాల్లేని ట్రాక్టరు వచ్చింది, ఒకడికి ట్రాక్టరు లేని చక్రాలొచ్చాయి. బాబాయి వాటాకి వోల్గా వచ్చింది. పంచిన రోజు బాబాయి ఊపిరితిత్తుల జబ్బుతో నారిన్ ఆసుపత్రిలో ఉన్నాడు. కనక మా నాన్న వెళ్లి సంతకం పెట్టాడు, బండి కాగితాలు నాన్న పేరున వచ్చాయి. అన్నదమ్ముల మధ్య కాగితాలేంటి అనుకున్నారు అందరూ. ఆ శీతాకాలం బాబాయి పోయాడు. నలభయ్యో రోజు భోజనాలయ్యాక, చేతులు తుడుచుకుంటూనే నాన్న, "ఇక బండి అమ్మేద్దాం" అన్నాడు.

మర్నాడు పొద్దున్న పిన్ని వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చుంది. అప్పటిదాకా జీవితంలో ఎప్పుడూ నడపలేదు.

గడ్డివాముల చుట్టూ మొదటి గేర్లో తిరిగి తిరిగి నేర్చుకుంది. బస్టాండు దగ్గర మగాళ్లు నవ్వారు. "అదుగో, ఆవుని పితికినట్టు గేరు మారుస్తోంది" అని ఒకడు అరిచాడట. "ఆవైతే తన్నేది. ఇది నయం. నీకంటే కూడా నయం" అందట పిన్ని. అప్పట్నుంచి దోలోన్ కనుమ మీదుగా నారిన్ వైపు జనాల్ని తిప్పుతూనే ఉంది. సంతకెళ్లేవాళ్లు, నెలలు నిండినవాళ్లు, పరీక్షలకెళ్లే పిల్లలు. నేనైతే ఆ వెనక సీట్లో పుట్టబోయి కాస్త ఆగి పుట్టానట. ఆ బండంటే నాకు పిచ్చి అని వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. మావైపు కోడలు అత్తింటి పెద్దల పేర్లు పలకదు. మా నాన్న పేరు తెమిర్కుల్. తెమిర్ అంటే ఇనుము. అందుకని ఇనుము అన్న మాటే పిన్ని నోట రాదు. డిక్కీలో సామానంతటినీ కలిపి "నల్లవి" అంటుంది. అంత మర్యాద. కానీ నాన్న ఎప్పుడు బండి అమ్ముదామన్నా ఆ మర్యాదతోనే మొహం మీద తలుపేస్తుంది.

కిందటేడు సరస్సు ఒడ్డున హోటలు కట్టినాయన ఒకడు నాన్న వెంటపడ్డాడు. హోటలు ముందు దిమ్మె కట్టి దాని మీద వోల్గాని నిలబెడతాడట. టూరిస్టులు ఫొటోలు దిగుతారట. డిక్కీ తెరిచిపెట్టి పూలకుండీలు పెడతారట.

"నా డిక్కీలో పూలా? ముందు ఆయన నెత్తిన పెట్టుకోమనండి బావగారూ, ఎలా ఉంటాయో చూసి చెప్తాను" అంది పిన్ని.

"నీ డిక్కీ ఏంటి, నీ డిక్కీ? కాగితం ఎవరి పేరున ఉంది?"

"కాగితం మీ పేరున ఉంది. బండి నా కింద ఉంది."

ఇలా నడుస్తుండగా మా అన్న మెదెర్ పెళ్లి కుదిరింది. పెళ్లికూతురు ఐజార్కిన్, నారిన్ అవతల అట్‌బాషి వాళ్ల పిల్ల. మందలు కొండ దిగాక అక్టోబరులో పెళ్లి. మా ఇంటి కోడళ్లంతా ఆ వోల్గాలోనే వచ్చారు. మా అమ్మ వచ్చినప్పుడు బాబాయి ఛైర్మన్‌ని బతిమాలి బండి తెచ్చాడు. అందుకని నాయనమ్మ, "ఈ పిల్ల కూడా అందులోనే రావాలి. దారిలో బండి మారకూడదు. దారిలో బండి మారిన కోడలు ఇల్లు మారుతుంది. పొద్దు గూకేలోపు దాని తలకి తెల్ల రుమాలు నా చేత్తో కట్టాలి" అంది.

నాన్న అప్పుడే పది మంది ముందు మాటన్నాడు. "సరే. ఆ బండి నా కోడల్ని కనుమ దాటించి సొంత కాళ్ల మీద ఇంటికొస్తే అది జూరకాన్‌దే. ఇంక జన్మలో అమ్మకం మాటెత్తను. దారిలో ఒక్కసారి తాడు కట్టామా, సోమవారం హోటలాయన లారీ పంపిస్తాడు."

"సరే" అంది పిన్ని. లేచి వెళ్లి డిక్కీ సర్దుకుంది.

వెళ్లేటప్పుడు బండి ఏ పేచీ పెట్టలేదు. ముందు వోల్గా, వెనక నాన్న జపాన్ జీపులో నాన్న, ఇద్దరు పెద్దవాళ్లు. అట్‌బాషి వాళ్లు మమ్మల్ని చూసుకున్న తీరు చూడాలి. మాంసం మీద మాంసం, గుర్రప్పాలు, మళ్లీ మాంసం. బండి తాళాలు కూడా అడిగి తీసుకున్నారు, తుడిచి పెడతామని. తిరుగు ప్రయాణానికి ఊరంతా వాకిట్లోకి వచ్చింది. ఏడుపులు, దీవెనలు, బండి మీద చల్లిన మిఠాయిలు. నేను వెనక సీట్లో పెళ్లికూతురి పక్కన, అన్నయ్య ముందు సీట్లో పిన్ని పక్కన.

ఊరి చివర గతుకుల దగ్గర పిన్ని తల కాస్త పక్కకి వంచింది.

"ఏంటి పిన్నీ?"

"నల్లవి పలకట్లేదు."

నిజమే. ఎప్పుడూ గతుకు తగిలితే డిక్కీలోంచి కమ్మరి కొట్టులాంటి మోత వస్తుంది. ఇవాళ మెత్తగా ఉంది. సారె సామాను పైన పెట్టుంటారు, దాని కింద అణిగిపోయి ఉంటాయి అనుకున్నాం. ఆపి చూడచ్చు కదా అని మీకనిపించచ్చు. మావైపు అలా చూడరు. పెళ్లివారు డిక్కీలో ఏం పెట్టారో వాళ్ల ఊరి పొలిమేరలో తెరిచి చూడ్డమంటే ఎంత పెట్టారో లెక్క చూసుకున్నట్టు. జనం ఇంకా వెనక నిలబడి చేతులూపుతున్నారు. జన్మకి చెరగని అప్రతిష్ఠ అది. బండి దగ్గర అంత చాదస్తం మనిషి కూడా తల ముందుకి తిప్పేసుకుంది.

నారిన్ దాటాం. కనుమ ఎక్కడం మొదలైంది. పైన కొండల మీద కొత్త మంచు, కింద పచ్చగా స్ప్రూస్ చెట్లు. పిన్ని రెండో గేర్లో, రాగం తీస్తున్నట్టు ఎక్కిస్తోంది. పై మలుపులు ఇంకా ఉండగానే బానెట్ కింద చెంప మీద కొట్టినట్టు ఒక్క దెబ్బ వినపడింది. డైనమో దీపం ఎర్రగా వెలిగింది. ఇంజను వేడి చూపించే ముల్లు లేవడం మొదలెట్టింది.

"బెల్టు" అంది పిన్ని, కళ్లద్దాలు మర్చిపోయాను అన్నంత మామూలుగా. బండి పక్కకి తీసి ఆపింది. అన్నయ్య దిగి చక్రాల వెనక రాళ్లు పెట్టాడు.

జీపు వెనకే ఆగింది. నాన్న దిగాడు. చేతిలో తాడు. నీలం రంగు నైలాన్ తాడు, ఇంకా కవర్లోనే ఉంది.

"కొత్తదిలా ఉందే బావగారూ" అంది పిన్ని. "ఈ పెళ్లికే కొన్నారా?"

"దారి ప్రయాణం. ఉండాలి కదా."

"ధర చీటీ కూడా ఊడలేదు. అంత తొందరేమొచ్చింది, మీరు జీపులో కూర్చోండి. బెల్టు మార్చడానికి ఎంతసేపు?"

అని వెళ్లి డిక్కీ ఎత్తింది.

వేడి మాంసం వాసన గుప్పుమంది. డిక్కీ అడుగున ఉతికిన తెల్ల దుప్పటి పరిచి ఉంది. దాని మీద గుడ్డలో చుట్టిన ఉడికిన గొర్రె, నూనెలో పిండిముక్కలు వేయించిన బోర్సోకుల సంచి, మిఠాయిల పెట్టె, రంగురంగుల ఉన్ని పరుపు, ఎవరి పేరు వాళ్లకి కుట్టిన పెట్టుబట్టల మూటలు. ఎక్కడా ఒక్క మేకు లేదు.

"నల్లవన్నీ ఏవి?" అంది పిన్ని. గొంతు సన్నగా వచ్చింది. ఆవిడ గొంతు అలా రావడం నేను ఎప్పుడూ వినలేదు.

ఐజార్కిన్ బండి దిగింది. రోడ్డు చివరికి వెళ్లి, ఫోను పైకెత్తి పట్టుకుని సిగ్నల్ దొరికిన చోట వాళ్ల పెద్దమ్మకి కలిపింది, స్పీకరు పెట్టింది.

"చేరారా తల్లీ అప్పుడే?"

"పెద్దమ్మా, డిక్కీలో సామానేది?"

"ఏ సామాను? ఆ తుక్కా? అదే, ఆ వస్తువులా? అయ్యో, నూనె జిడ్డు మీద సారె ఎలా పెడతామే? మా పరువేం కాను? అన్నీ తీయించి సబ్బు నీళ్లతో కడిగించాను. వియ్యపురాలు వింటున్నారా? వదినగారూ, ఎంత మురికండీ! ఆ నల్ల పట్టీల మీద తెల్ల పొడి ఎంత తోమినా పోలేదు, ఇసకపెట్టి తోమించాను. అన్నీ గోడ మీద ఆరబెట్టాం. ఈసారి వచ్చేసరికి తళతళలాడుతుంటాయి!"

పిన్ని కళ్లు మూసుకుంది. బెల్టుల్ని ఇసకపెట్టి తోమారు.

"వదినగారూ" అంది చివరికి, "టీ డబ్బాలో ఒక మూత..."

"దాన్నీ తోమించా! ఆ డబ్బా బావుంది, టీ పోసుకున్నాం."

"మంచిదమ్మా. మీ చేతులు చల్లగా ఉండాలి." ఇంకేం అనగలదు? గౌరవం చేశారు వాళ్లు. గౌరవాన్ని తిట్టడానికి మాటలుండవు.

నాన్న దగ్గరికొచ్చాడు. కోపంగా లేడు, దానికే ఒళ్లు మండింది నాకు. జాలిగా ఉన్నాడు. "చూడమ్మా జూరకాన్. ఇన్నేళ్లు మోశావు. కావలసిన రోజు లేవు. దైవం కూడా చెప్తోంది. అమ్మాయిని నా జీపెక్కించు, దీనికి తాడు కడదాం. అవతల అమ్మ రుమాలు పట్టుకుని కూర్చుంది."

"దైవం కాదు బావగారూ చెప్పింది, వియ్యపురాలు. సబ్బుతో." పిన్ని బోర్సోకుల సంచి విప్పి ఒకటి నోట్లో వేసుకుంది. "ఇంజను చల్లారేదాకా పనేం లేదు. అందరూ తినండి. మాంసం వేడిగా ఉంది."

అలా కనుమ మీద, రోడ్డు పక్కన, మా పెళ్లివారం డిక్కీ చుట్టూ నిలబడి గొర్రెని తిన్నాం. జీపులోంచి దిగిన తెల్లగడ్డం తాత అన్నిటికంటే మెత్తటి ముక్క ఏరుకుని, "ఇంత రుచైన బ్రేక్‌డౌను ఎప్పుడూ చూడలేదే జూరకాన్" అన్నాడు. నాన్న ఒక చేత్తో ఎముక, ఒక చేత్తో తాడు పట్టుకుని నమిలాడు. తాడు మాత్రం కింద పెట్టలేదు.

పిన్ని తింటూనే మూటల్ని చూస్తోంది. నాన్న పేరు కుట్టిన మూట దగ్గర ఆగి, కొస ఎత్తి చూసింది.

"బావగారూ, మీ పెట్టుబట్టల్లో కోటు మీదకి నడికట్టు ఉంది. పట్టుది, బాగా పొడుగు. అడగాలా, తీసుకోవాలా?"

"నా నడికట్టా? ఇంకా ఒక్కసారి కూడా కట్టుకోలేదు!"

"మీరు కట్టుకుంటే నడుముకి అందం. నేను కట్టుకుంటే ఇంటికి చేరతాం."

తాత నవ్వేశాడు. నలుగురి ముందూ నాన్న కాదనలేకపోయాడు. పిన్ని దాన్ని మెలిపెట్టి, ఇంజను చక్రానికీ ఫ్యానుకీ డైనమోకీ చుట్టి, గట్టిగా ముడేసి స్టార్టు చేసింది. ముడి చక్రం గాడి దగ్గరికి రాగానే ఎగిరి పడింది, జారింది, పొగొచ్చింది. పట్టు మాడిన వాసన. సగం కాలిన నడికట్టుని పిన్ని బయటికి లాగి నాన్న చేతిలో పెట్టింది.

"అయిందా?" అన్నాడు నాన్న, కోటు కోసం బాధ ఒక పక్క, గెలిచిన సంతోషం ఇంకో పక్క. "ఇంక చాలు. సూర్యుణ్ణి చూడు ఎక్కడున్నాడో."

మా అన్న నెమ్మదైనవాడు. గొడవంటే గడ్డి కింద దూరతాడు. "పిన్నీ, పోనీ... జీపెక్కేద్దామా? బండిదేముంది, తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు.

"నేనెక్కను."

అందరం తిరిగి చూశాం. ఐజార్కిన్. పెళ్లిబట్టల్లో, తల వంచుకుని, కొత్త కోడలు మాట్లాడకూడని చోట మాట్లాడింది. "బండి మారితే ఇల్లు మారుతుందన్నారుగా. నేను వచ్చింది మారడానికి కాదు" అని డిక్కీ దగ్గరికొచ్చి తన మూట విప్పింది. లోపల ఉన్ని పట్టీ, వేలి మందం, రెండు వేళ్ల వెడల్పు, ఎర్రా నల్లా గళ్లతో. మా గుడారాల్ని చుట్టి బిగించేది అలాంటి పట్టీలతోనే. గాలివాన వచ్చినా అది వదలదు.

"ఇది నేశాను. శీతాకాలమంతా" అంది. "ముడెయ్యకుండా కుడితే ఎగరదు."

పిన్ని దాన్ని చేత్తో తడిమి చూసి, వెంటనే మూటలో పెట్టేసింది. "వద్దమ్మా. చేత్తో నేసింది కోయకూడదు. మీ అత్తగారింటికి తెచ్చుకున్నది."

"గోడకి వేలాడేయడానికి నేశానా? బిగించడానికి నేశాను. బిగించండి." కత్తి తీసుకుని తనే కోసింది.

అక్కడ్నుంచి పిన్ని మనిషి మారిపోయింది. గొంతు మళ్లీ లావుగా అయింది. "పిల్లా, చెట్ల దగ్గరికి పరిగెత్తు. స్ప్రూస్ బంక గోకి తీసుకురా, మెత్తగా ఉన్నది. నమిలే బంక. నమలకుండా తీసుకురా!" నేను పెళ్లిచెప్పులతోనే వాలు దిగాను. తిరిగొచ్చేసరికి పిన్ని తన చొక్కా కాలరు లోపల్నుంచి దుప్పట్లు కుట్టే లావు సూది తీసి, పట్టీని రెండు మడతలేసి మెలిపెట్టి, రెండు కొసల్నీ ఏటవాలుగా ఒకదాన్నొకటి ఎక్కించి కుడుతోంది. కోడలు దారం ఎక్కిస్తోంది. ఇద్దరూ ఏ మాటా లేకుండా, ఏళ్లబట్టి ఒకే ఇంట్లో దుప్పట్లు కుట్టినవాళ్లలా కూర్చున్నారు. బంక నిప్పుపుల్లతో కరిగించి పట్టీకి లోపలివైపు పూశారు, జారకుండా.

పట్టీ ఫ్యాను, డైనమో చక్రాల మీద ఎక్కింది. వదులుగా. డైనమోని వెనక్కి లాగి బిగిస్తే గానీ పట్టు దొరకదు. దానికి పద్నాలుగో నంబరు పానా కావాలి. పద్నాలుగో నంబరు పానా అట్‌బాషిలో గోడ మీద ఎండలో ఆరుతోంది.

పిన్ని చేతులు తుడుచుకుని, తిన్నగా నాన్న ముందుకెళ్లి నిలబడింది.

"బావగారూ, మీ జీపులో పానా ఉందా? పద్నాలుగు."

నాన్న తాడు ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. కనుమ మీద పానా అడిగితే లేదనకూడదు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, కానీ మాలో ఎవరూ దాటరు. దాటినవాడి బండి అదే మలుపులో ఆగుతుందని నమ్మకం. ఇన్నేళ్లలో పిన్ని ఆ మలుపుల్లో ఎంతమందికి ఏమేం ఇచ్చిందో నాన్నకీ తెలుసు. ఆయన జీపుకి ముందున్న పాత ఝిగూలీ క్లచ్ కేబులు కూడా ఆ డిక్కీలోంచి వచ్చిందే.

"అంటే" అన్నాడు నాన్న మెల్లగా, "నేను ఓడిపోవడానికి నేనే పానా ఇవ్వాలా?"

"లేదనండి. వెళ్లిపోతాను."

"అడిగావు చూడు, అదీ మంట! ఇంకెవడి బండైనా వస్తే అడగచ్చుగా!"

"మీరుండగా పరాయివాళ్లని అడుగుతానా బావగారూ?"

తాత గొంతు సవరించుకున్నాడు. "ఒరే తెమిర్కుల్" అన్నాడు, "నా వయసులో చలికి నిలబడలేను. ఇస్తావా, లేకపోతే లేదని నోటితో చెప్తావా? మేం విన్నామని ఊళ్లో చెప్పుకోవాలి కదా."

నాన్న జీపు వెనక్కి వెళ్లాడు. సామాను పెట్టె మూత టపామని తెరుచుకుంది. పానా తెచ్చి పిన్ని అరచేతిలో కొట్టినట్టు పెట్టాడు. "జపాన్‌ది. నీ బండికి పడుతుందో లేదో."

"పద్నాలుగు ఎక్కడైనా పద్నాలుగే బావగారూ."

పట్టింది.

స్టార్టు చేయగానే పట్టీ మొదట కీచుమంది, తర్వాత గొర్రెపిల్లలా మూలిగింది, తర్వాత ఊరుకుంది. బండంతా తడి ఉన్ని, బంక కలిసిన వాసన. పిన్ని కొండని చూడలేదు, దారినీ సగమే చూసింది, వేడి ముల్లునే చూసింది. ముల్లు లేచింది, లేచింది, ఎర్ర గీత దగ్గర ఆలోచించుకుంటున్నట్టు ఆగింది. "ఊఁ, ఆగు అక్కడే. ఆగకపోయావో, పూలకుండీలు!" అంది పిన్ని దానితో. పక్కన అన్నయ్య ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు. ఐజార్కిన్ మాత్రం ముందు సీటు మీదకి వంగి, తను నేసిన పట్టీ చప్పుడునే వింటోంది.

కనుమ దాటాం. పైన ఆగి మంచు ముద్దలు రేడియేటరు మీద వేశాం, పట్టీ వదులైతే మళ్లీ బిగించాం. పానా పిన్ని జేబులోనే ఉంది. తిరిగివ్వలేదు. వెనక జీపు మా వేగానికే, తల్లిగుర్రం వెనక పిల్లలా వచ్చింది. దిగువలో సారిబులాక్ ఊరి దగ్గర ఒక లారీవాడు పక్కన ఆపి, "అక్కా, బండిలో గొర్రెని కాలుస్తున్నావా?" అన్నాడు. "కాదు, గొర్రె బండిని లాగుతోంది" అంది పిన్ని.

కొచ్కోర్‌లో మా వాకిట్లోకి మలుపు తిరిగేసరికి ఎదురుగా కొండ అంచు మీద సూర్యుడు ఇంకా కనపడుతున్నాడు. నాయనమ్మ తెల్ల రుమాలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఐజార్కిన్ తలకి తన చేత్తో కట్టింది. మిఠాయిలు చల్లారు. పిన్ని బండి దిగి బానెట్ మీద చెయ్యేసి కాసేపు అలాగే నిలబడింది. 

భోజనాల దగ్గర నాన్న ఒక ఆఖరి ప్రయత్నం చేశాడు. "సొంత కాళ్ల మీద రావాలన్నాను. పానా నాది. నడికట్టు నాది. పట్టీ కోడలిది."

"తాడు కట్టావా?" అంది నాయనమ్మ.

"తాడు... కట్టలేదు."

"మరి తిను."

నాన్న తిన్నాడు. తర్వాత లేచి నలుగురికీ వినపడేలా హోటలాయనకి ఫోను చేసి, బండి లేదు, లారీ పంపొద్దన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేనైతే ఈల వేశాను, అమ్మ గిల్లింది. పిన్ని మాత్రం చప్పట్లయ్యేదాకా ఆగి, టీ గిన్నె కింద పెట్టింది.

"కాగితాలు కూడా నా పేరున రాయించండి బావగారూ."

"మాటిచ్చానుగా! నా మాట చాలదా?"

"మీ మాట చాలుతుంది. కానీ మీరు ఇవాళ చెప్పారు, రేపు మీ కొడుకు ఏం చెప్తాడో?" మా అన్న వెంటనే గిన్నెలోకి తల దూర్చాడు. "కాగితం చూపించి కదా ఇన్నేళ్లు మాట్లాడారు. నేను కూడా ఓసారి చూపించి మాట్లాడాలనుంది."

నాన్న మొహం ఎర్రబడింది. గడ్డం గోక్కున్నాడు. నాయనమ్మ వైపు చూశాడు, ఆవిడ మాంసం ముక్కతో యుద్ధం చేస్తోంది, తలెత్తలేదు. "ఆఫీసు తెరవనీ" అన్నాడు చివరికి.

మర్నాడు పొద్దున్నే పిన్ని బండి తీసింది, అట్‌బాషి వెళ్లి నల్లవి తెచ్చుకోవడానికి. అమ్మ వద్దంది. అన్నయ్య, నేను లారీలో వెళ్లి తెస్తాను పిన్నీ అన్నాడు. "వాళ్లు ఇంకోసారి తోమకముందే వెళ్లాలి" అంది. నేను పక్కన ఎక్కి కూర్చున్నాను.

నాన్న సంతవైపు నుంచి నడుచుకుంటూ వచ్చాడు. చంకలో ఏదో ఉంది. బండి దగ్గరికొచ్చి కిటికీలోంచి లోపలికి పడేశాడు. కొత్త ఫ్యాన్ బెల్టు. వోల్గా సైజు. పొద్దున్నే లేపి ఎవడి కొట్టు తెరిపించాడో.

"దీని కోసం సంతంతా తిరిగాను" అన్నాడు.  మా నాన్న నోటి నుంచి అంతకుమించి రాదు.

పిన్ని బెల్టుని వెనకా ముందూ తిప్పి, గోటితో నొక్కి చూసింది. "మంచిదే తెచ్చారు బావగారూ" అంది. దిగి వెనక్కి వెళ్లి డిక్కీ ఎత్తి అందులో పెట్టింది. అంత పెద్ద డిక్కీలో అదొక్కటే. మూత వేసి వచ్చి కూర్చుంది. బానెట్ కింద ఉన్ని పట్టీ అంచులు అప్పటికే రేగిపోయి ఉన్నాయి, పొద్దున పిన్ని నీళ్లు పోసేటప్పుడు నేను చూశాను.

"పిన్నీ, కొత్తది వేసేసుకోవచ్చుగా?"

"వేసేసుకుంటే మరి డిక్కీలో ఏం ఉంటుంది?" అని గేరు వేసింది.